వంగిన కాలివేళ్లకు పెడిక్యూర్: ఎంవీపీ కాలనీ పార్లర్‌లో నా అనుభవం

చాలాకాలంగా ఎంవీపీ కాలనీలోని ఒకే పార్లర్‌కి వెళ్తున్నాను. టబ్బు, స్క్రబ్బు, మసాజు అన్నిచోట్లా ఉండేవే. నన్ను అక్కడ కట్టిపడేసింది ఒక అమ్మాయి పనితనం.

నా రెండు కాళ్లకూ బొటనవేలి పక్కవేలు నడిమి కణుపు దగ్గర పైకి లేచి, కొస కిందికి వంగి ఉంటుంది. హామర్ టో అంటారు. బూటు రాసుకునే కణుపు మీద ఆనెకాయ, నేలకు ఆనే కొస దగ్గర గట్టిపడిన చర్మం, మందంగా పెరిగే గోరు. ఆ అమ్మాయి మొదటిసారి నా కాళ్లు నీళ్లలో పెట్టకముందే ఆ వేళ్లను మెల్లగా చాపి చూసింది. కుడిది చాపుకుంది, ఎడమది బిగిసిపోయి ఉంది. ‘‘దీన్ని నేను లాగను మేడమ్’’ అంది. రంగు వేసేటప్పుడు ఎడమకాలికి సెపరేటర్ పెట్టకుండా వేలి కింద చిన్న దూది చుట్ట ఉంచింది. బిగిసిన వేళ్లను ఇరికించి విడదీస్తే ఎంత నొప్పో తెలిసినవాళ్లకి ఆ దూది విలువ తెలుస్తుంది. ఆనెకాయను కూడా కోయలేదు, నానాక ఫైల్‌తో పైపైన రుద్ది వదిలేసింది.

అందుకే అందరికీ ఆ పార్లర్ పేరే చెప్పేదాన్ని. ఆ అమ్మాయి సెలవులో ఉన్నప్పుడు ఇంకొకరు చేశారు. ‘‘మొత్తం తీసేస్తాను, మళ్లీ రాదు’’ అంటూ, నేను వద్దంటున్నా ఆనెకాయకి బ్లేడు పెట్టేసింది. రక్తం వచ్చింది. మన వైజాగ్ ఉక్కలో ఆ పుండు ఒక పట్టాన ఆరలేదు. మానేదాకా ఆఫీసుకి స్లిప్పర్లతోనే వెళ్లాను. ఇంతా చేస్తే ఆనెకాయ మళ్లీ వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? వేలు వంగే ఉంది, పైనుంచి బూటు నొక్కుతూనే ఉంది. ఆ ఒత్తిడికే చర్మం గట్టిపడుతుంది. నిజం చెప్పాలంటే, ముందు భాగం వెడల్పుగా, లోతుగా ఉండే బూట్లకి మారాకే నొప్పి బాగా తగ్గింది. పెడిక్యూర్‌తో వేళ్లు శుభ్రంగా ఉంటాయి, వంకర పోదు.

ఇప్పుడు ఎవరడిగినా, ఆ అమ్మాయి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లమంటున్నాను. నాకు షుగర్ లేదు కాబట్టి నేనింకా వెళ్తున్నాను. మా అత్తయ్యకి షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గింది, తెగినా తెలియదు. ఆవిడ వేళ్లూ ఇలాగే వంగాయి గానీ పార్లర్‌కి తీసుకెళ్లను, గోళ్లు తీయాలన్నా డాక్టర్‌కే చూపిస్తున్నాం.