టీపీఆర్ సర్వీసు: గీత బాగుంది, లెక్క అడిగితేగానీ రాలేదు

మిశ్రమ ఆక్సైడ్ ఉత్ప్రేరకం పంపితే హైడ్రోజన్ టీపీఆర్ (శాంపిల్‌ని హైడ్రోజన్‌లో క్రమంగా వేడిచేస్తూ, ఏ వేడి దగ్గర ఎంత హైడ్రోజన్ ఖర్చవుతుందో గీతగా గీసే పరీక్ష) చేసిపెట్టే ఒక ప్రైవేటు ల్యాబ్ సర్వీసు గురించి ఇది. పంపిన శాంపిల్ సీరియా-జిర్కోనియా (సీరియం, జిర్కోనియంల ఆక్సైడ్లు కలిసినది) మీద 5 శాతం కాపర్ ఆక్సైడ్. సీరియం, జిర్కోనియం పరమాణువుల లెక్కన 3:1. రిపోర్టు చెప్పిన గడువుకే వచ్చింది, బేస్‌లైన్ ఎక్కడా జారలేదు. పేచీ అంతా రిపోర్టులో లేనివాటితోనే.

నిలువు అక్షం మీద ‘ఆర్బిట్రరీ యూనిట్స్’ అని వేసి వదిలేశారు. ఎంత హైడ్రోజన్ ఖర్చయిందో తెలియకపోతే ఇక రిడాక్స్ (ఆక్సిజన్‌ని వదలడం, పట్టడం) గురించి చెప్పేదేముంది? సిల్వర్ ఆక్సైడ్‌తో కాలిబ్రేట్ చేస్తే సరిపోయేది: 20 మి.గ్రా.కి ఖర్చయ్యే హైడ్రోజన్ 86 మైక్రోమోళ్లు, గీతలో దాని పీకు (శిఖరం) కింద వచ్చే ఏరియాతో మిగతావన్నీ కొలుచుకోవచ్చు. అడిగాక చేసిచ్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. 300 డిగ్రీల లోపు రెండు పీకులూ కలిపి 90 మైక్రోమోళ్లు తేలింది. 100 మి.గ్రా. శాంపిల్‌లో ఉన్న 5 మి.గ్రా. కాపర్ ఆక్సైడ్‌కి కావలసింది 63 మాత్రమే. మిగిలిన 27 సీరియా ఖాతాలోవి. రాగి మీద విడిపోయిన హైడ్రోజన్ పక్కనున్న సీరియా మీదికి పాకుతుంది. ఆ లెక్కన 54 మైక్రోమోళ్ల సీరియం 4+ నుంచి 3+కి దిగినట్టు. రిపోర్టులోనేమో రెండు పీకుల్నీ ‘ముందు క్యూప్రస్ (రాగి 2+ నుంచి 1+కి దిగడం), తర్వాత లోహం’ అని రాసేశారు. అదే నిజమైతే ఏరియాలు దాదాపు సమానంగా ఉండాలి కదా, ఇక్కడ ఒకటి రెండోదానికి రెట్టింపు. మొదటిది పలచగా పరుచుకున్న రాగి, రెండోది గడ్డలుగా ఉన్న కాపర్ ఆక్సైడ్ అనుకుంటేనే నప్పుతుంది.

10 శాతం హైడ్రోజన్-ఆర్గాన్‌ని నిమిషానికి 30 మి.లీ. వదిలి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేశారు. సీరియా మొత్తం దిగుతుందనుకుంటే ఈ శాంపిల్ తినగలిగేది సుమారు 286 మైక్రోమోళ్లు. మోంటీ-బైకర్ సంఖ్య (శాంపిల్ తినగలిగే హైడ్రోజన్‌ని సెకనుకి అందే హైడ్రోజన్‌తో భాగిస్తే వచ్చేది) 140 సెకన్లు, అంటే సరిగ్గా పైహద్దు మీద ఉంది. వేడెక్కే రేటుతో హెచ్చవేస్తే 23 కెల్విన్, 20 దాటకూడదు. దాటితే పీకులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఫ్లో 50కి పెంచితే 84 సెకన్లు, 14 కెల్విన్. శాంపిల్‌తో పంపే ఫారంలో ఫ్లో రాసే గడే లేదు, రిమార్కుల్లో రాయాలి.

ప్రీట్రీట్‌మెంట్ (పరీక్షకి ముందు శాంపిల్‌ని శుభ్రం చేయడం) 200 డిగ్రీల దగ్గర ఆర్గాన్‌లో. ఇది చాలదు. సీరియా గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి కార్బొనేట్ చేసుకుంటుంది, అది తర్వాత వేడికి ఊడొచ్చి దొంగపీకులు పెడుతుంది. 5 శాతం ఆక్సిజన్‌లో 400 డిగ్రీల దగ్గర గంట ఉంచి, అదే గ్యాస్‌లో చల్లార్చి, ఆ తర్వాతే ఆర్గాన్‌కి మార్చమనండి. వేడిమీదే ఆర్గాన్ పెడితే శాంపిల్ కొంత ఆక్సిజన్‌ని ముందే వదిలేస్తుంది.

నీటి ట్రాప్ (రన్‌లో పుట్టే నీటిని చల్లార్చి పట్టేసేది) మాత్రం సరిగ్గానే పెట్టారు: ఐసోప్రొపనాల్, ద్రవ నైట్రోజన్ కలిపిన ముద్ద.

రెండో సైకిల్‌కి (అదే శాంపిల్‌ని మళ్లీ ఆక్సైడ్ చేసి ఇంకోసారి నడపడానికి) విడిగా చార్జీ. కట్టొచ్చు, కానీ మొదటి రన్ 500 దగ్గరే ఆపమని రాయాలి. 900 దాకా పోనిస్తే రాగి ముద్దలు కట్టి, రెండో గీత వేరే శాంపిల్‌దైపోతుంది.

ఐదుకి మూడు.