పేరు వాడుకుంటే సరిపోతుందా, రిజిస్టర్ చేయించాలా?

"పదేళ్లుగా ఈ పేరు నేనే వాడుతున్నాను, ఇంకెవరు లాక్కుంటారు?" అని ధీమాగా ఉండే వ్యాపారులు చాలామంది. అందులో నిజం లేకపోలేదు. బ్రిటన్, భారత్, ఆస్ట్రేలియా, అమెరికా లాంటి దేశాల్లో రిజిస్టర్ చేయించకపోయినా వాడకం వల్లే పేరు మీద హక్కు పుడుతుంది. కాకపోతే ఆ హక్కును కోర్టులో నిలబెట్టుకోవడానికి పడే పాట్లు వేరు.

ముందు ఒక అపోహ. కంపెనీని ఆ పేరుతో రిజిస్టర్ చేయించినా, అదే పేరుతో డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) కొన్నా ట్రేడ్‌మార్క్, అంటే మన సరుకును గుర్తుపట్టే పేరు లేదా గుర్తు, రిజిస్టర్ అయినట్టు కాదు. ఇక్కడే ఎంతోమంది పొరబడతారు.

రిజిస్టర్ కాని పేరును ఎవరైనా కాపీ కొడితే బ్రిటన్, భారత్‌లలో వేసే దావాను ‘పాసింగ్ ఆఫ్’ అంటారు. మూడు సంగతులు రుజువు చెయ్యాలి: మన పేరుకు జనంలో గుడ్‌విల్ (మంచి పేరు, నమ్మకం) ఉందని, అవతలివాళ్లు జనం పొరబడేలా చేశారని, దానివల్ల మనకు నష్టం జరిగిందని లేదా జరగబోతోందని. వినడానికి తేలికగానే ఉంటుంది. లాయరు ముందు కూర్చుంటే తెలుస్తుంది అసలు టెన్షన్. "మొదటి బిల్లు ఉందా?" అంటారు. బిల్లు ఉంటుంది, దాని మీద యజమాని పేరే తప్ప బ్రాండ్ పేరు ఉండదు. ప్యాకింగ్ ఫొటో దొరుకుతుంది, తేదీ ఉండదు. మొదటి ప్రకటన వచ్చిన పేపర్ కటింగ్ ఎప్పుడో పోయింది. ఏళ్ల తరబడి పడ్డ కష్టం నిజం, చూపించడానికి కాగితమే లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్క్ విషయంలో ఈ రుజువు చేసే బరువు అవతలివాళ్ల వైపు మారుతుంది. సర్టిఫికెట్ చూపిస్తే హక్కు మనదేనని కోర్టు మొదట నమ్ముతుంది. కాదని నిరూపించాల్సింది అవతలివాళ్లు. పేరు పక్కన వృత్తంలో ‘ఆర్’ గుర్తు (రిజిస్టర్డ్ అని) పెట్టుకోవచ్చు. రిజిస్టర్ కాకముందు ‘టీఎం’ (ట్రేడ్‌మార్క్) అని పెట్టుకోవచ్చు. అప్పుడే ‘ఆర్’ పెడితే చాలా దేశాల్లో నేరం.

ఇంకో పెద్ద తేడా, హక్కు ఎంత దూరం వర్తిస్తుందన్నది. రిజిస్ట్రేషన్ దేశమంతటికీ పనిచేస్తుంది. వాడకం వల్ల వచ్చిన హక్కు మాత్రం పేరు ఎక్కడిదాకా పాకిందో అక్కడిదాకే. అమెరికాలో బర్గర్ కింగ్ కేసు దీనికి మంచి ఉదాహరణ. ఇలినాయ్ రాష్ట్రంలోని మాటూన్ అనే చిన్న ఊళ్లో ఒక కుటుంబం, పెద్ద కంపెనీ సంగతి తెలియకుండానే అదే పేరుతో వ్యాపారం నడుపుతోంది. కంపెనీ 1961లో దేశవ్యాప్త రిజిస్ట్రేషన్ తెచ్చుకుంది. 1968లో అప్పీలు కోర్టు ఆ కుటుంబం హక్కును కాదనలేదు గానీ, మాటూన్ చుట్టూ 20 మైళ్లకే పరిమితం చేసింది. రాష్ట్రంలో మిగతా అంతా కంపెనీకే.

అలాగని సర్టిఫికెట్ ఉన్నవాడే ప్రతిసారీ గెలుస్తాడనుకోకండి. భారత్‌లో వర్ల్‌పూల్ కంపెనీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాక 1977లో రద్దయింది. తర్వాత అదే పేరు వేరేవాళ్లు రిజిస్టర్ చేయించుకున్నారు. అయినా 1996లో సుప్రీంకోర్టు పాత కంపెనీ వైపే నిలిచింది, ఆ పేరుకు ఉన్న ప్రఖ్యాతి చూసి. ముందునుంచీ నిజాయితీగా వాడుతున్నవాళ్లను, తర్వాత వచ్చిన రిజిస్ట్రేషన్ చూపించి ఆపలేమని అక్కడి చట్టంలోనే ఉంది.

చైనాలో లెక్క వేరు. అక్కడ ముందు అప్లికేషన్ పెట్టినవాళ్లదే పైచేయి, కేవలం వాడకానికి దక్కే రక్షణ చాలా తక్కువ. అలాంటి దేశంలో అమ్మబోతుంటే సరుకు కన్నా ముందు అప్లికేషన్ వెళ్లాలి. పారిస్ ఒప్పందంలో (ట్రేడ్‌మార్క్‌ల వంటి హక్కులపై దేశాల మధ్య ఉన్న ఒప్పందం) ఉన్న ఒక దేశంలో దరఖాస్తు చేస్తే, 6 నెలల లోపు మిగతా సభ్య దేశాల్లోనూ అదే తేదీతో హక్కు కోరవచ్చు.

రిజిస్ట్రేషన్‌కీ ఇబ్బందులున్నాయి. సరుకులు, సేవలను 45 తరగతులుగా విడదీశారు, మనం అడిగిన వాటికే రక్షణ. సరుకు గుణాన్ని చెప్పే మామూలు మాటైతే తిరస్కరించే అవకాశం ఎక్కువ. 10 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే రద్దు చేయమని ఎవరైనా అడగొచ్చు.

నన్నడిగితే, ఒక్క సీజన్‌కో, ఒక్క కార్యక్రమానికో పెట్టుకున్న పేరైతే వాడకం చాలు. పిల్లలకు అప్పగించాలనుకునే వ్యాపారమైతే, పేరు వాడుకోవడానికి ఇతరులకు లైసెన్సు ఇవ్వాలనుకున్నా, పేరును వేరేగా అమ్మాలనుకున్నా రిజిస్టర్ చేయించాల్సిందే. అప్లికేషన్‌కు ముందు ట్రేడ్‌మార్క్‌ల రిజిస్ట్రీలో (రిజిస్టర్ అయిన పేర్ల జాబితాలో) అలాంటి పేరు ఉందేమో వెతకండి. సర్టిఫికెట్ వచ్చాక పాత కాగితాలు పారేయకండి. ఎవరు ముందు వాడారన్న గొడవ వస్తే మళ్లీ అవే కావాలి: బ్రాండ్ పేరున్న మొదటి బిల్లు, మొదటి ప్రకటన, తేదీ కనిపించే ప్యాకింగ్ ఫొటో.