ఈ-కోర్ట్స్ యాప్: పాత కేసు ఉన్న డీఎస్సీ అభ్యర్థులకు ఎంతవరకు పనికొస్తుంది?

టీచర్ పోస్టుకు సెలెక్టయ్యాక చేతికొచ్చే అటెస్టేషన్ ఫారంలో ఒక చోట చాలామందికి పెన్ను ఆగిపోతుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, బైండోవర్ (మళ్లీ గొడవ చేయనని అధికారి ముందు పూచీకత్తు రాసివ్వడం) అయ్యారా, జరిమానా గానీ శిక్ష గానీ పడిందా, ఏదైనా కేసు పెండింగులో ఉందా అని అడిగే చోట. కాలేజీ రోజుల్లో ధర్నాకు వెళ్లినందుకో, పొలం గట్టు తగాదాలోనో పేరు ఎఫ్ఐఆర్‌కి ఎక్కి, తర్వాత అది ఏమైందో తెలియనివాళ్లు ఊరికొకరు ఉంటారు. 2024లో తెలంగాణ డీఎస్సీకి 11,062 పోస్టులు, 2025లో ఏపీ మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు వచ్చాయి. ఇన్నివేల మందిలో ఈ గుబులు ఎందరికుంటుందో ఊహించుకోవచ్చు. వాళ్లు ముందుగా తెరవాల్సింది కోర్టు కేసుల వివరాలు చూపే అధికారిక యాప్, ఈ-కోర్ట్స్ సర్వీసెస్. పైసా ఖర్చు లేదు. మా మార్కులు 5కి 3.5. కోసిన ఒకటిన్నర చిన్న లోపానికి కాదు.

ముందు వెతికే పద్ధతి. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని కేస్ స్టేటస్‌లోకి వెళ్లాలి. ఎఫ్ఐఆర్ నంబరు తెలిస్తే స్టేషన్ పేరు, నంబరు, సంవత్సరం ఇచ్చి వెతకడమే మేలు. పేరుతో వెతికితే ఇంగ్లిష్ స్పెల్లింగ్ ముంచుతుంది. వెంకటేశ్వర్లు, లక్ష్మి లాంటి పేర్లను రైటర్ ఎలా రాశాడో అలాగే కొట్టాలి. పూర్తి పేరు కాకుండా మొదటి నాలుగైదు అక్షరాలు ఇచ్చి చూడండి. పెండింగ్ ఒక్కటే చూసి ఊరుకోకుండా డిస్పోజ్డ్ (ముగిసిన కేసులు) కూడా చూడాలి. కేసు దొరికితే అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు (ఆ ఒక్క కేసుకే ఉండే గుర్తింపు నంబరు) కనిపిస్తుంది, రాసిపెట్టుకోండి. ఆ తర్వాత దానితోనే నేరుగా తెరవచ్చు.

అసలు చూడాల్సింది కేసు ఎలా ముగిసిందో చెప్పే ఒక్క లైను. డిస్పోజ్డ్ అని కనిపించగానే కొట్టేశారనుకోవడం పొరపాటు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే, రాజీకి వీలున్న సెక్షన్లలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 320(8) చెప్పేది ఇదే. కానీ కోర్టు చుట్టూ తిరగలేక తప్పు ఒప్పుకుని ఫైను కట్టేస్తే, అది వెయ్యి రూపాయలే అయినా, దోషిగా తేలినట్టే లెక్క. పేకాట కేసుల్లో, డ్రంక్ డ్రైవ్‌లో జరిగేది ఎక్కువగా ఇదే. ‘కేసు అయిపోయింది’ అని వకీలు అన్న మాట పట్టుకుని ఫారంలో ‘లేదు’ అని రాసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇక మేం మార్కులు కోసింది యాప్ తేల్చలేని వీటికే. వెతికితే ఏమీ రాలేదంటే కేసు లేదని కాదు. ఛార్జిషీటు వేయని ఎఫ్ఐఆర్‌కి సీసీ నంబరు (కోర్టు ఇచ్చే కేసు నంబరు) పడదు కాబట్టి అది ఇక్కడ దొరక్కపోవచ్చు. ఎన్నికలప్పుడు తహసీల్దారు ముందు చేసిన బైండోవర్ కోర్టు కేసే కాదు, అదీ రాదు. ఫారం మాత్రం రెండింటినీ అడుగుతుంది, పోలీసు వెరిఫికేషన్‌లో రెండూ బయటపడతాయి. హైకోర్టు కేసు కొట్టేసినా, ఆ ఆర్డరు కింది కోర్టుకు చేరేదాకా ఇక్కడ పెండింగ్ అనే చూపించవచ్చు. అందుకే యాప్‌లోనే ఉన్న హైకోర్టు విభాగం కూడా వెతకాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చిన్న కేసు కన్నా, దాన్ని దాచడమే ఉద్యోగం తీస్తుంది. కేంద్రీయ విద్యాలయ సంగఠన్, రామ్ రతన్ యాదవ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు తీర్పు దీని గురించే. పీఈటీగా (వ్యాయామ ఉపాధ్యాయుడిగా) చేరిన యాదవ్ ఫారంలోని 12, 13 కాలమ్‌లలో పెండింగ్ కేసు రాయలేదు. కొట్లాట, బెదిరింపు లాంటి సెక్షన్లవి. తర్వాత ప్రభుత్వం ఆ కేసును ఉపసంహరించుకుంది. హిందీ మీడియంలో చదివాను, ఇంగ్లిష్ ఫారం అర్థం కాలేదన్నా, బీఎడ్, ఎంఎడ్ చదివినవారికి అర్థం కాలేదంటే నమ్మలేమని కోర్టు అంది. ఉద్యోగం పోయింది.

2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచ్ కొంత ఊరటనిచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్ప విషయాన్ని దాచినా అధికారులు విచక్షణతో మన్నించవచ్చు. ఫారం స్పష్టంగా అడగనిదాన్ని చెప్పలేదని తప్పుపట్టకూడదు. ఉన్నదున్నట్టు రాస్తే, పెండింగులో ఉన్నది చిన్న కేసైతే తుది తీర్పుకు లోబడి నియమించవచ్చు. అయితే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని కాదు, పూర్వాపరాలు పరిశీలించే హక్కు అధికారులకు ఉంటుంది. పిల్లలపై నేరాలు, నైతిక పతనం కిందకొచ్చే నేరాలు అయితే ఈ మన్నింపు మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ కఠినంగా ఉండటమే న్యాయం. ఘటన నాటికి 18 ఏళ్లు నిండనివాళ్లకు మాత్రం, 16 దాటాక పెద్దవాళ్లలా విచారించి దోషిగా తేల్చిన సందర్భాల్లో తప్ప, ఆ కేసు వల్ల అనర్హత రాకుండా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 రక్షణ ఇస్తుంది.

ఫారంలో రాయాల్సింది క్రైమ్ నంబరు (ఎఫ్ఐఆర్ నంబరే), స్టేషన్, సెక్షన్లు, సీసీ నంబరు, కోర్టు, ముగిసిన తేదీ, ఎలా ముగిసిందో. చోటు చాలకపోతే విడి కాగితం జతచేసి సంతకం పెట్టండి. 2024 జూలై 1కి ముందు జరిగినవాటికి పాత శిక్షాస్మృతి ఐపీసీ సెక్షన్లే రాయాలి, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లోకి మార్చకూడదు. యాప్‌లోంచి తీసిన ప్రింటు సర్టిఫైడ్ కాపీకి బదులు కాదు. తీర్పు కాపీ కోసం కోర్టులోని కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టాలి. పాత ఫైలు రికార్డు రూమ్ నుంచి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి ఫలితాలు వచ్చిన వారంలోనే పెట్టేయండి. ఆ కాపీ ఒకటి స్టేషన్‌లోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడి రికార్డులో కేసు ఇంకా తెరిచే ఉంటే, వెరిఫికేషన్ రిపోర్టు దాని ప్రకారమే వెళ్తుంది.