కరెంటు రాగానే వాటంతటవే లేచే కంటైనర్లు: పర్లాకిమిడిలో మూడేళ్ల వాడకం

మా పర్లాకిమిడిలో వేసవి సాయంత్రం గాలివాన పట్టిందంటే ముందు పోయేది కరెంటే. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి తెల్లారేదాకా. మూడేళ్లుగా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద డాకర్ (ఒక్కో ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి తెలిసినవాళ్ల చిన్న సైట్లు నడుపుతున్నాను. అందులో నాకు ప్రాణమైంది కంపోజ్ ఫైల్లో (ఏ కంటైనర్ ఎలా నడవాలో డాకర్‌కి చెప్పే ఫైలు) రాసే ఒకే ఒక్క లైను: ‘రీస్టార్ట్: అన్‌లెస్-స్టాప్డ్’. అంటే నేను ఆపితే తప్ప, పడిపోయినదాన్ని మళ్లీ లేపమని.

అంతకుముందు కరెంటు వచ్చాక ఒక్కో సర్వీసునీ చేత్తో స్టార్ట్ చేసేవాణ్ణి. పాతపట్నంలో పెళ్లికెళ్లినా మనసు ఆ సిస్టమ్ మీదే ఉండేది. ఇప్పుడు కరెంటు రాగానే సిస్టమ్ ఆన్ అయ్యేలా దాని బయోస్ సెట్టింగుల్లో పెట్టాను. డాకర్ లేస్తుంది, దాని వెనకే కంటైనర్లన్నీ లేస్తాయి. నేను కావాలని ఆపినది మాత్రం ఆగే ఉంటుంది, అందుకే ఆపినదాన్ని కూడా లేపేసే ‘ఆల్వేస్’ కంటే నాకిది నచ్చింది. మొదటిసారి అర్ధరాత్రి ఫోన్లో చూస్తే సైట్లన్నీ తెరుచుకున్నాయి. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

అడిగిన ప్రతివాళ్లకీ “ఆ లైను రాసేయ్, ఇంక టెన్షన్ లేదు” అనే చెప్పాను. మొన్న మే నెల తర్వాత ఆ మాట కొంచెం మార్చుకున్నాను.

ఆ రాత్రి కరెంటు వచ్చింది, వెంటనే పోయింది, మళ్లీ వచ్చింది. పొద్దున్నే శుభలేఖల ప్రెస్ మావయ్య ఫోన్. “ఏటి బాబూ, మా సైటు తెరిస్తే పిల్లల మార్కులొస్తన్నాయేటి?”

నాకు చెమటలు పట్టాయి. అవి నేను నడిపే ఇంకో సైటు, ట్యూషన్ సెంటర్ పిల్లల మార్కులు. అటు ట్యూషన్ అడ్రసు కొడితే శుభలేఖల డిజైన్లు. ముందు ఎంజిన్‌ఎక్స్‌ని (వచ్చినవాళ్లని అడ్రసు చూసి సరైన సైటుకి పంపే ప్రోగ్రామ్) ఆపేసి అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. కంటైనర్ల ఐపీలు (డాకర్ లోపల ఒక్కోదానికి ఇచ్చే నంబరు అడ్రసులు) చూస్తే సంగతి బయటపడింది. హఠాత్తుగా ఆగిన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తన డేటా సరిచూసుకుంటూ ఆలస్యంగా లేచింది. ఈలోగా ఆ రెండు సైట్ల యాప్‌లూ డేటాబేస్ దొరక్క పడిపోయి మళ్లీ లేచాయి. పడినప్పుడు వదిలేసిన ఐపీలు లేచేటప్పుడు తారుమారయ్యాయి: ప్రెస్‌కున్న 172.18.0.4 ట్యూషన్ యాప్‌కి పోయింది. ఎంజిన్‌ఎక్స్ మాత్రం స్టార్ట్ అయినప్పుడు పేర్లు చూసి గుర్తుపెట్టుకున్న పాత ఐపీలకే జనాన్ని పంపిస్తోంది.

కంపోజ్‌లో ‘డిపెండ్స్ ఆన్’ (ముందు డేటాబేస్, తర్వాత యాప్ అని వరస చెప్పే లైను) రాశాను కదా అనుకున్నాను. నేను ‘కంపోజ్ అప్’ కమాండ్ కొట్టినప్పుడు ఆ వరస పాటిస్తుంది గానీ, సిస్టమ్ లేచి డాకరే కంటైనర్లను లేపుతున్నప్పుడు దాన్ని పట్టించుకోదు. ఈ తేడా తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు ఎంజిన్‌ఎక్స్‌లో రిజాల్వర్‌గా (పేరుకి ఐపీ ఎవరిని అడగాలో చెప్పే సెట్టింగు) డాకర్ సొంత డీఎన్ఎస్ 127.0.0.11 ఇచ్చి, దొరికిన ఐపీ ఎంతసేపు చెల్లుతుందో చెప్పే ‘వ్యాలిడ్’ పది సెకన్లు పెట్టి, జనాన్ని ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్‌లో యాప్ పేరును వేరియబుల్‌గా రాశాను. వేరియబుల్ లేకపోతే రిజాల్వర్ ఇచ్చినా పాత ఐపీనే పట్టుకుంటుంది, అది మర్చిపోవద్దు. 2024 నవంబరులో వచ్చిన ఎంజిన్‌ఎక్స్ 1.27.3 వెర్షన్ నుంచి, యాప్‌ల జాబితా రాసే అప్‌స్ట్రీమ్ బ్లాకులోనే ‘రిజాల్వ్’ అని రాసే వీలుంది. నేనింకా దానికి మారలేదు. యాప్‌లు కూడా పోస్ట్‌గ్రెస్ సిద్ధమయ్యేదాకా ఆగి మొదలయ్యేలా చిన్న స్క్రిప్టు పెట్టాను.

ట్యూషన్ మాస్టారి దగ్గరకి స్వయంగా వెళ్లి జరిగింది చెప్పాను. మార్కుల పేజీకి లాగిన్ పెట్టమన్నారు, ఆ రోజే పెట్టాను.

ఆ లైను మీద ఇష్టం తగ్గలేదు. నాలా ఒక్క సిస్టమ్, ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ల సైట్లు ఉంటే కళ్లుమూసుకుని రాసుకోండి. వాటిలో ఏ ఒక్కదాంట్లో బయటపడకూడని వివరాలున్నా, పక్కన రిజాల్వర్ పెట్టకుండా వద్దు. నేను యూపీఎస్ కూడా కొనాలి, ఈ వానాకాలం లోపు కుదురుతుందేమో చూడాలి.