కన్నడ అరలో తెలుగు పుస్తకాలు: చర్చ్ స్ట్రీట్‌లో ఒక పాత పుస్తకాల కొట్టు

బెంగళూరులో ఇంగ్లీషు పుస్తకాలు చదివేవారికి చర్చ్ స్ట్రీట్‌కు దారి చెప్పనక్కర్లేదు. బ్రిగేడ్ రోడ్డుకూ సెయింట్ మార్క్స్ రోడ్డుకూ నడుమ, ఎం.జి. రోడ్డుకు సమాంతరంగా సాగే ఆ వీధిలో బ్లాసమ్, బుక్‌వర్మ్ వంటి పేరున్న దుకాణాలతో పాటు చిన్నాచితకా కొట్లు కూడా ఉన్నాయి. 2018లో రాళ్లు పరిచి వీధిని కొత్తగా తీర్చిదిద్దినప్పటి నుంచి, సాయంత్రం జనసమ్మర్దాన్ని మినహాయిస్తే, అక్కడ నడక సుఖంగానే ఉంది. నేను రాయబోయేది ఆ చిన్న కొట్లలో ఒకదాని గురించి. రెండేళ్లుగా నెలకొకసారైనా వెళుతున్నాను. మెచ్చుకోవలసిన సంగతులతో పాటు ఫిర్యాదులూ ఉన్నందువల్ల పేరు చెప్పడం లేదు.

ఇంగ్లీషు విభాగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నవలలు రచయితల పేర్ల వరుసలో ఉంటాయి, పాత ప్రతులు నూట యాభై నుంచి రెండు వందల యాభై రూపాయలలోపు దొరుకుతాయి, అడిగిన పుస్తకం ఉందో లేదో కంప్యూటరులో చూసి నిమిషంలో చెబుతారు. అసలు సంగతి తెలుగు పుస్తకాలది.

మొదటిసారి వెళ్లినప్పుడు తెలుగు పుస్తకాలున్నాయా అని అడిగితే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన లేవని ఖాయంగా చెప్పారు. 2011 జనగణన లెక్కల్లో కన్నడం, ఉర్దూల తరువాత ఈ రాష్ట్రంలో ఎక్కువమంది మాతృభాషగా చెప్పుకున్నది తెలుగే అయినా, పుస్తకాల కొట్లలో ఈ జవాబు నాకు కొత్త కాదు కనుక మారు మాట్లాడలేదు. వచ్చినందుకు కన్నడ అర చూద్దామని లోపలి మూలకు వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనబడని కింది వరుసలో, కన్నడ నవలల మధ్య, కుదురుగా సర్దిపెట్టిన తెలుగు పుస్తకాలు ఆరు కనబడ్డాయి. లేవని చెప్పినాయన అబద్ధమాడలేదు. ఉన్నాయని ఆ కొట్లో ఎవరికీ తెలియదు, అంతే.

ఈ పొరపాటుకు ఎవరినీ తప్పుపట్టలేము. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి శాసనాలు చూస్తే రెండు భాషలకూ దాదాపు ఒకటే లిపి. ఇప్పటికీ అట్ట మీది అక్షరాలను దూరం నుంచి చూసినవారికి తేడా తెలియడం కష్టం. నాకు దొరికిన వాటిలో అందరికంటే బాగా దాక్కున్నది చందమామ. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన ఆ పత్రిక, తరువాత కన్నడంలోనూ అదే పేరుతో వచ్చింది. తమిళంలో అంబులిమామ అన్నారు కనుక అక్కడ చిక్కు లేదు. కన్నడంలో మాత్రం పేరూ అదే, బొమ్మలూ అవే, అక్షరాల ఒంపులూ ఇంచుమించు అవే. ఒక ఏడాది సంచికలను కుట్టించిన తెలుగు బైండు, నాలుగు కన్నడ బైండ్ల నడుమ కవల పిల్లలా ఒదిగిపోయి ఉంది. దాని ధర ఎనభై రూపాయలు. పక్కనున్న కన్నడ బైండ్లకు మూడేసి వందలు వేశారు. అలా ఎందుకో అడిగితే నష్టపోయేది నేనే కనుక అడగలేదు.

పుస్తకాలు సర్దే కుర్రవాడితో మాట కలిసింది రెండో నెలలో. ఫోనులో నేను మా అమ్మతో మాట్లాడుతుంటే విని, నవ్వుతూ దగ్గరకు వచ్చాడు. వాళ్లది బాగేపల్లి దగ్గర పల్లెటూరు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అలాంటప్పుడు తెలుగు పుస్తకాలు కన్నడ అరలో ఎలా చేరాయని అడిగాను. "మాట్లాడేకి వస్తుంది సార్, చదివేకి రాదు. మా ఇస్కూల్లో కన్నడమే కదా" అన్నాడు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో. తెలుగు నోటికి ఆ ఇళ్లలో లోటు లేదు, తెలుగు కంటికే ఉంది. అతని మాటలోని ఆ "చదివేకి" నాకు ఎంత ముద్దుగా తోచిందంటే, తేదీలు చూసుకోకుండా ఆ పూట మరో రెండు కన్నడ పత్రికలు కూడా కొనేశాను.

ఇక ఫిర్యాదులు. ధర చీటీని అట్ట మీదే, అదీ జిగురు ఎక్కువగా ఉన్న రకం చీటీని, అతికిస్తారు. పీకితే దానితో పాటు అట్ట రంగు కూడా ఊడివస్తుంది. ఒకసారి రచయిత పేరులో సగం పోయింది. లోపలి పుట మీద పెన్సిలుతో రాస్తే ఏం పోతుందో తెలియదు. రెండోది, చదివేసిన పుస్తకం తెచ్చిస్తే సగం ధరకు చీటీ రాసిచ్చి, ఆ మొత్తానికి మరో పుస్తకం తీసుకోనిస్తారని గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు గానీ, అది ఇంగ్లీషుకే వర్తిస్తుందని చెప్పలేదు. నేను మోసుకువెళ్లిన నాలుగు తెలుగు నవలలను గల్లాపెట్టె దగ్గరాయన తిప్పి కూడా చూడకుండా "ఇవి పోవు సార్" అని వెనక్కి తోశారు. తమ కొట్లోనే కొన్న పుస్తకాలని రసీదు చూపినా వినలేదు. కూర్చోవడానికి ఒక్క ముక్కాలిపీట కూడా లేకపోవడం వీటి ముందు చిన్న సంగతే గానీ, అసలు సరుకంతా కింది వరుసలో ఉన్నప్పుడు నడివయసు మోకాళ్లకు అది చిన్నది కాదు.

వెళ్లదలచినవారు పనిరోజుల్లో మధ్యాహ్నం వెళ్లడం మేలు. కొత్తగా వచ్చిన పుస్తకాల కట్టలు అప్పుడే విప్పుతారు, సర్దడానికి ముందే చూసుకోవచ్చు.

ఆ కుర్రవాడికి ఒక గుర్తు చెప్పివచ్చాను. అక్షరం నెత్తిన పంతులుగారు పెట్టే టిక్కు లాంటి తలకట్టు ఉంటే తెలుగు, అడ్డంగా గీత ఉంటే కన్నడం అని. పోయిన నెల వెళ్లేసరికి తొమ్మిది పుస్తకాలను విడిగా తీసి, తాడుతో కట్టి ఉంచాడు. ఎనిమిది తెలుగువే. తొమ్మిదోది పట్టుకుని, "దీనికి తలకాయ మీద ఏమీ లేదు సార్, ఎట్ల తెలిసేది?" అని అడిగాడు. జ, ల, బ, ట, ణ వంటి అక్షరాలకు తెలుగులోనూ తలకట్టు లేదు, కన్నడంలోనూ గీత లేదు. పేరంతా అలాంటి అక్షరాలతోనే ఉంటే పైచూపుకు నేనూ చెప్పలేను. ఇద్దరం కలిసి లోపలి పుట తెరిచాం. కన్నడం.