రెగ్యులేటరీ టీ కణాలను వేరుచేసే మాగ్నెటిక్ కిట్: ఖరీదే, కానీ పనికొస్తుంది

రెగ్యులేటరీ టీ కణాలంటే రోగనిరోధక స్పందన హద్దు మీరకుండా అదుపు చేసేవి. మనిషి రక్తంలోని సీడీ4 టీ కణాల్లో (పైపొర మీద సీడీ4 ప్రోటీన్ ఉన్న తెల్ల రక్తకణాలు) ఇవి సుమారు 5–10 శాతమే. వాటి అసలు గుర్తు ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్, కణం లోపల ఉంటుంది. దానికి రంగు వేయాలంటే కణం బతకదు. అందుకే ఈ కిట్ పైపొర గుర్తులనే నమ్ముకుంది: 1995లో షిమోన్ సకగుచి బృందం చూపిన సీడీ25 ఎక్కువగా, సీడీ127 తక్కువగా ఉండాలి.

సీడీ127 చేర్చడమే దీని బలం. సీడీ25 ఒక్కటే చూస్తే అప్పుడే ఉత్తేజితమైన మామూలు టీ కణాలూ కలిసొచ్చేస్తాయి. ఇక సప్రెషన్ పరీక్ష (రెగ్యులేటరీ కణాలు ఇతర టీ కణాలను ఎంత అణచగలవో చూసేది) చేసి లాభం లేదు.

అయస్కాంత పూసలున్న యాంటీబాడీలు కణాలకు అంటుకుంటాయి, వాటిని అయస్కాంతంలో పెట్టిన కాలమ్ (సన్నటి గొట్టం) గుండా పంపుతారు. మొదటి కాలమ్‌లో అక్కర్లేనివి ఆగిపోతాయి, రెండోదాంట్లో సీడీ25 కణాలు నిలుస్తాయి. కణాలను ఉంచే ద్రావణం, అంటే బఫర్ (పీబీఎస్ అనే ఉప్పునీరు, 0.5 శాతం బీఎస్‌ఏ, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ) చల్లగా, గాలి తీసేసి ఉండాలి. సన్నటి బుడగ ఒక్కటి చాలు, చుక్కలు నెమ్మదించి ఆగిపోతాయి. రెండో దశను కొత్త కాలమ్‌తో మళ్లీ చేయండి. కొన్ని కణాలు పోతాయి, శుద్ధత మాత్రం పెరుగుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన కణాలైతే చచ్చినవాటిని ముందే తొలగించాలి, అవి యాంటీబాడీలను ఊరికే అంటించుకుంటాయి.

ఎలుక కణాలకు ఇది కొనకండి, దానికి వేరే కిట్ ఉంది.