ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్: జన్యువు పేరు కన్నా ముందు చూడాల్సింది మెథడ్ కాలమ్

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియాను జీనోమ్ చూసి గుర్తించే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. రోజువారీ పనికి మా ఓటు అమెరికా జాతీయ బయోటెక్నాలజీ సమాచార కేంద్రం (ఎన్‌సీబీఐ) తయారుచేసిన ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్‌కే. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ అబ్రికేట్, తెలిసిన జన్యువుతో పోలిక ఇంత ఉండాలని మామూలుగా అన్ని జన్యువులకూ ఒకే 80 శాతం గీత గీస్తుంది. ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్‌లో మాత్రం చాలా జన్యువులకు విడివిడిగా పరిశీలించి పెట్టిన హద్దులున్నాయి, మిగతావాటికి 90 శాతం. ఆ హద్దును మార్చే ఆప్షన్ ఇచ్చారు గానీ, దాని జోలికి పోకపోవడమే మేలు.

బయాలజీ సాఫ్ట్‌వేర్ల భాండారం బయోకోండా నుంచి ఇన్‌స్టాల్ చేయడం సులువే. ఆ వెంటనే అప్‌డేట్ ఆప్షన్‌తో, తెలిసిన జన్యువుల డేటాబేస్ దించుకోవాలి. డేటాబేస్‌కు తేదీతో కూడిన సొంత వెర్షన్ ఉంటుంది. రిపోర్టులో సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒక్కటే రాసి దీన్ని వదిలేస్తే, ఏడాది తర్వాత అదే శాంపిల్‌లో కొత్త జన్యువు ఎందుకు కనిపించిందో ఎవరికీ అంతుపట్టదు.

ఎక్కువమంది బోల్తా పడేది, శాంపిల్ ఏ బ్యాక్టీరియాదో చెప్పే ఆర్గానిజమ్ ఆప్షన్ దగ్గర. అది ఇవ్వకపోతే బయటినుంచి వచ్చి చేరిన జన్యువులు దొరుకుతాయి గానీ, పాయింట్ మ్యుటేషన్లను (సొంత జన్యువులో ఒక్క చోట జరిగే మార్పులను) అసలు వెతకదు. ఒక ఈ.కోలైలో జైర్‌ఏ ప్రోటీన్ 83వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి ల్యూసీన్, పార్‌సీ 80వ స్థానంలో సెరీన్ పోయి ఐసోల్యూసీన్ వచ్చాయనుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగకపోవడానికి ఆ రెండూ చాలు. అయినా పట్టికలో ఆ మందు ఊసే ఉండదు, ఎర్రర్ కూడా రాదు. పేరు విషయంలోనూ జాగ్రత్త: ‘ఎష్చెరిషియా కోలై’ అని పూర్తిగా రాస్తే ఒప్పుకోదు, ‘ఎష్చెరిషియా’ అనాలి. క్లెబ్సియెల్లాకైతే న్యుమోనియే కూడా చేర్చాలి. ఏ పేర్లు పనికొస్తాయో లిస్ట్ ఆప్షన్ చూపిస్తుంది. మ్యుటేషన్ లేని స్థానాలు కూడా కావాలంటే ‘మ్యుటేషన్ ఆల్’ పేరుతో ఇంకో ఫైలు రాయించుకోవచ్చు. నిజంగా మ్యుటేషన్ లేదా, లేక ఆ భాగం సీక్వెన్స్‌లోనే రాలేదా అన్నది దాంతో తేలుతుంది.

రా రీడ్స్ (సీక్వెన్సర్ చదివిన డీఎన్‌ఏ ముక్కలు) నేరుగా ఇస్తే ఇది తీసుకోదు, ముందు వాటిని అతికించి అసెంబ్లీ చేయాలి. ఆ సౌకర్యం కావాలంటే రెస్‌ఫైండర్ ఉంది. షార్ట్ రీడ్స్‌ను అసెంబ్లీ చేయడానికి స్పేడ్స్ గానీ షవిల్ గానీ సరిపోతుంది. ఈ.కోలై జీనోమ్ సుమారు 50 లక్షల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు). 50 రెట్ల డెప్త్ (ప్రతి బేస్‌ను సగటున 50 సార్లు చదవడం) రావాలంటే 25 కోట్ల బేస్‌ల డేటా కావాలి. అసెంబ్లీ మొత్తం పొడవు 80 లక్షలు దాటిందంటే కల్చర్‌లో రెండు రకాలు కలిశాయనే అనుమానించాలి. అలాంటి శాంపిల్‌లో ఏ జన్యువు ఎవరిదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

ఫలితాల పట్టికలో అందరి కళ్లూ జన్యువు పేరు మీదే పడతాయి. అసలు సంగతి, ఆ జన్యువును ఎలా గుర్తించిందో చెప్పే మెథడ్ కాలమ్‌లో ఉంది. ‘అలీల్’, ‘ఎగ్జాక్ట్’ అని ఉంటే నిశ్చింత. ‘బ్లాస్ట్’ అంటే దగ్గరి పోలికే తప్ప అచ్చంగా అదే కాదు. అందుకే బ్లా-సీటీఎక్స్-ఎం-15 అని నంబరుతో కాకుండా కుటుంబం పేరు మాత్రమే రావచ్చు. ‘పార్షియల్ కాంటిగ్ ఎండ్’ అంటే జన్యువు కాంటిగ్ (అసెంబ్లీలో అతికి వచ్చిన ఒక ముక్క) అంచున తెగింది. చాలాసార్లు ఆ తెగింది కణంలో కాదు, అసెంబ్లీలోనే. బ్లా-ఎన్‌డీఎం లాంటి జన్యువుల పక్కన పదేపదే వచ్చే ఇన్సర్షన్ సీక్వెన్సులు ఉంటాయి, షార్ట్ రీడ్స్ వాటిని దాటలేవు. దీన్ని ‘జన్యువు లేదు’ అని కొట్టేస్తే పెద్ద పొరపాటే. ఉత్త ‘పార్షియల్’ అయితే అది నిజంగానే ముక్క అయ్యే అవకాశం ఎక్కువ. ‘ఇంటర్నల్ స్టాప్’ (జన్యువు మధ్యలోనే ఆగిపోయే సంకేతం) కనిపించి, డేటా లాంగ్ రీడ్స్ ఇచ్చే నానోపోర్‌ది అయితే ముందు పాలిషింగ్ (అసెంబ్లీలో తప్పుల సవరణ) సరిగా జరిగిందా చూడండి. ఒకే బేస్ వరసగా వచ్చే చోట ఒక్కటి తప్పిపోయినా జన్యువును చదివే ఫ్రేమ్ మారిపోతుంది.

న్యూక్లియోటైడ్, ప్రోటీన్, జీఎఫ్ఎఫ్ (ఏ జన్యువు ఎక్కడుందో చెప్పేది) ఫైళ్లు మూడూ కలిపి ఇస్తే ఫలితం ఇంకా మెరుగు, ఎందుకంటే హెచ్‌ఎంఎం వెతుకులాట (ప్రోటీన్ కుటుంబాల గణాంక నమూనాలతో పోల్చడం) ప్రోటీన్ల మీదే జరుగుతుంది. జీఎఫ్ఎఫ్ ఐడీలు కలవడం లేదని ఆగిపోతే, ఫైలు జన్యువులను గుర్తించే సాఫ్ట్‌వేర్లలో ప్రోకాదో బాక్టాదో యానొటేషన్ ఫార్మాట్ ఆప్షన్‌లో చెప్పండి.

ఇక లోపాలు. బ్యాక్టీరియా ఏ ఉపరకమో చెప్పే ఎస్‌టీ నంబరు ఇవ్వదు, దానికి ఎంఎల్‌ఎస్‌టీ గానీ, క్లెబ్సియెల్లా అయితే క్లెబొరేట్ గానీ వేరే నడపాలి. పట్టికలో మందుల క్లాస్, సబ్‌క్లాస్ కాలమ్‌లు ఉంటాయి కదా అని వాటినే సెన్సిటివిటీ రిపోర్టుగా చదవకూడదు. క్లెబ్సియెల్లా న్యుమోనియేలో ఫాస్‌ఏ జన్యువు పుట్టుకతోనే ఉంటుంది. అది కనిపించినంత మాత్రాన ఫాస్ఫోమైసిన్ పనిచేయదని రాసేయలేం. మందు కణంలోకి వెళ్లే దారి అయిన పోరిన్ దెబ్బతిని, దానికి సీటీఎక్స్-ఎం తోడైతే, కార్బపెనెమ్ మందులను ధ్వంసం చేసే కార్బపెనిమేజ్ జన్యువు ఒక్కటీ లేకుండానే కార్బపెనెమ్ విఫలం కావచ్చు. ఎంఐసీ పరీక్ష (బ్యాక్టీరియాను ఆపే కనీస మందు మోతాదు చూసేది) పక్కన లేకుండా దీన్ని మందు ఎంపికకు వాడొద్దు.

పదుల కొద్దీ శాంపిల్స్ ఉంటే నేమ్ ఆప్షన్ మరవకండి. ప్రతి వరుస మొదట్లో శాంపిల్ పేరు చేరుతుంది. అది లేకుండా పట్టికలన్నీ కలిపేస్తే ఏ జన్యువు ఏ శాంపిల్‌దో తెలియక మళ్లీ మొదటినుంచీ నడపాల్సిందే.